వల ఆరేసిన తీగ

తాడేపల్లిగూడెంలో మా అమ్మాయి ఇంటి వెనక రైలు పట్టాల వెంబడి ఈమధ్యే స్తంభాలు పాతి, వాటి మీద కొత్త రాగి తీగ లాగారు. పొద్దున్నే పెరటి గుమ్మంలో కూర్చుని చూస్తే ఎండ పడి ఆ తీగ ఎర్రగా, చింతపండుతో తోమి బోర్లించిన చెంబులా మెరుస్తుంది. చూడడానికి బాగానే ఉంటుంది. నాకు మాత్రం ఒళ్ళు మండుతుంది. మొన్న ఒక కుర్రవాడు ఆటోకి మైకు కట్టుకుని వీధి వీధీ తిరిగాడు. రేపటి నుంచి తీగలో కరెంటు ఉంటుందనీ, ఎవరూ దగ్గరకు పోవద్దనీ, తడిబట్టలు అటు విసరవద్దనీ, పొడవాటి గడలు ఎత్తుకుని పట్టాలు దాటవద్దనీ మన తెలుగులో గొంతు పోయేలా అరిచి చెప్పాడు. రైలు గేటు దగ్గర బోర్డు కూడా పెట్టారు. అరవై దాటాక అక్షరాలు దిద్దినదాన్ని కనుక నిలబడి కూడబలుక్కుని చదివాను. "అమ్మమ్మా, ఇడ్లీ చల్లారిపోతోంది" అని మనవరాలు పిలుస్తూనే ఉంది. నాకు తినబుద్ధి కాలేదు. ఇంత తేలికా ఇది? ఒక కుర్రవాడు, ఒక పూట, ఒక నోరు. ఈపాటి పని చేసేవాడు లేక మా నాన్న ప్రాణం పోయింది.

నేను పుట్టింది కొల్లేటి లంకల్లో, కొల్లేటికోటకు దగ్గరలో ఉన్న ఒక చిన్న మెరక మీద. ముప్పైల మొదట్లో నాకు ఎనిమిదో తొమ్మిదో ఏళ్ళుంటాయి. వానాకాలం బుడమేరూ తమ్మిలేరూ మోసుకొచ్చిన నీళ్ళతో చుట్టూ సముద్రమైపోయి, మా గుడిసెలన్నీ ఆ నీటి మధ్య బోర్లించిన తట్టల్లా మిగిలేవి. పక్క మెరక మీద ఉన్న మేనత్త ఇంటికి పోవాలన్నా, చచ్చినవాళ్ళను మోసుకుపోవాలన్నా దోనే గతి. కార్తీకంలో గూడబాతులు గుంపులుగా వచ్చి దిగి, సంతలో ఆడవాళ్ళలా రోజంతా అరుచుకునేవి. తడిసిన కిక్కిస గడ్డి, పిడకల పొగ, చాపల మీద ఎండుతున్న చేపలు, వలకు పట్టించడానికి కాగుల్లో మరిగే తుమ్మపట్ట కషాయం, ఇవన్నీ కలిసిన వాసనే గాలి వాసన అనుకునేదాన్ని. మరో వాసన ఉన్న గాలి కూడా ఉంటుందని మొదటిసారి ఏలూరు వెళ్ళినప్పుడు గాని తెలియలేదు. వేసవిలో నీళ్ళు వెనక్కి పోయి సరస్సు అడుగు బయటపడితే పిల్లలమంతా మోకాటి లోతు బురదలో చేతులు పెట్టి మట్టగిడస చేపల్ని వెతికేవాళ్ళం, తామర గింజలు ఒలుచుకు తినేవాళ్ళం, ఒళ్ళంతా బురద ఎండి చర్మం బిగిసిపోతే మళ్ళీ ఏ గుంటలోనో దూకేవాళ్ళం. ఫాల్గుణంలో అమ్మవారి జాతర. దోనెలన్నిటికీ పసుపు పూసి బొట్లు పెట్టేవారు. అమ్మ బూరెలు వేయించేది. నాయనమ్మ ముందు రోజే కొర్రమీను పులుసు కాచి, మర్నాటికి ముక్కకు పులుపు పట్టేలా ఉట్టి మీద దాచేది.

మా ఇళ్ళల్లో వలకున్న మర్యాద మనిషికి ఉండేది కాదు. అప్పట్లో అన్నీ నూలు వలలే. నీళ్ళలోంచి తీసిన వలను తడితో నేల మీద పడేస్తే దారం మగ్గిపోతుంది. అందుకని ఒడ్డెక్కిన మగవాడు మంచినీళ్ళయినా అడగకుండా, పడ్డ చేపలవంకైనా చూడకుండా, ముందు వలను అందినంత ఎత్తున, బిగుతుగా కట్టి ఉన్న దేని మీదనైనా విసిరి పరిచేవాడు. ఆ చెయ్యి ఆలోచించి చేసేది కాదు, దానంతట అది లేచేది. పొరపాటున నేల మీద వల ఉంటే దాన్ని ఎవరూ తొక్కరు, దాటరు, అవతలివాళ్ళ వలను వాళ్ళ అనుమతి లేకుండా ముట్టుకోరు. నేనొకసారి ఆటలో పడి దాటబోతే నాయనమ్మ జడ పట్టుకుని వెనక్కి లాగి, వలకు దండం పెట్టించి, చుట్టూ తిప్పి పంపింది. ఎవరి మాట మీదైనా అనుమానం వస్తే తడివల మీద చెయ్యి వేసి చెప్పమనేవాళ్ళు. చెప్పినవాడి మాట అందరూ నమ్మేవాళ్ళు. అబద్ధమాడేవాడికి చెయ్యి ముందుకు వచ్చేది కాదు.

ఒక వేసవిలో కొల్లేరు బాగా ఎండిపోయింది. అడుగంతా నెర్రెలు విచ్చి, దోనెలు బోర్లా పడి, చేప అన్నది కంటికి కనపడలేదు. అప్పుడు ఏలూరు నుంచి గవర్రాజు మేస్త్రి వచ్చాడు. కిర్రుచెప్పులు, నల్ల గొడుగు, నూనె రాసి దువ్విన క్రాపు. మద్రాసులో రైలు పనులకు కూలీలను తీసుకెళ్ళే మనిషి. మా చావిట్లో మంచం మీద కూర్చుని, తాటిముంజెలు చల్లగా నోట్లో జారవిడుచుకుంటూ మాట మొదలుపెట్టాడు.

"మద్రాసులో కరెంటు రైలు వేస్తన్నారయ్యా. పొగుండదు, బొగ్గుండదు. పైన తీగుంటాది, దాన్ని తాకుతా కింద రైలు పరిగెడతాది. ఆ తీగ లాగి బిగించడానికి తాడు పని తెలిసినోళ్ళు కావాల. గడ ఎక్కడం, తాడు లాగడం మీకంటే ఎవరికొచ్చు చెప్పండి?"

నాయనమ్మ వక్క దంచడం ఆపింది. "పైనున్న తీగ పట్టుకుని రైలు పరిగెడతాదాండీ? మరి చెయ్యి జారితేనో?"

అందరూ పగలబడి నవ్వారు. మేస్త్రి కూడా నవ్వాడు. "జారదు మామ్మగారూ. మీవోడి చెయ్యి జారినా అది జారదు."

అమ్మ మాత్రం నవ్వలేదు. తలుపు చాటు నుంచే అడిగింది. "అక్కడంతా అరవం కదండీ. మావోళ్ళకి ముక్క రాదు. ఎవరేం చెప్పినా ఎలా తెలుస్తాదండీ?"

"నేనున్నాను కదా తల్లీ. నాకు అరవం వచ్చు. దొరల మాట కూడా నాలుగు ముక్కలొచ్చు. వాళ్ళు ఏం చెప్పినా మీవోళ్ళ చెవిన వేసే పూచీ నాది."

"ఆయ్, అలాగైతే సరేనండి" అంది అమ్మ. ఆ పూచీ మాట మా ఇంటిల్లిపాదీ విన్నాం. నేను విన్నాను. గోడకానుకుని ముంజె పీచు చీకుతూ విన్నాను.

నాన్నా, నాన్న తమ్ముడు అప్పారావు చిన్నాన్నా, ఊళ్ళో మరికొందరూ ఏలూరులో మెయిలెక్కి వెళ్ళారు. మళ్ళీ ఆషాఢంలో ఇల్లు నేయడానికి నాన్న వచ్చాడు. కప్పు మీద కూర్చుని కిక్కిస మోపులు అందుకుంటూ, పరుస్తూ, కింద ఉన్న మాకు మద్రాసు కబుర్లు చెప్పేవాడు. ఆ పట్నం కూడా మన కొల్లేరు లాంటిదేనట, ఎక్కడో పొంగిన నీళ్ళు ఎక్కడికో పాకినట్టు ఇళ్ళు పొలాల్లోకి పాకిపోతున్నాయట. రైలు రాబోతోందని తెలిసి, ఇంకా స్తంభం పాతకముందే చవిటి నేలల్లో కొలతకొయ్యలు దిగ్గొట్టి వీధులు గీసేస్తున్నారట. ఆఫీసు గుమాస్తాలు ఇంతింత దూరాన కాపురం ఉండి, ఇంట్లో వేడన్నం తిని, ఆ బండెక్కి వేళకు పనిలోకి పోతారట. ఒక బండి పోయిందనేసరికి వెనకే ఇంకోటట. "మనం దోనెల్లో అటూ ఇటూ తిరిగినట్టే. కాకపోతే తెడ్డెయ్యక్కర్లేదు" అన్నాడు. ఆ మాటలు విని పిల్లలం రెండు వెదురు గడలకు తాడు కట్టి, పుల్ల ఎత్తి తాడుకు ఆనించి పట్టుకుని కింద పరుగెత్తేవాళ్ళం. పొగ లేని రైలు ఏమని కూస్తుందో తెలియక కొట్టుకున్నాం. నాన్న కప్పు మీద నుంచే పెదాలు బిగించి, సన్నగా, తేనెటీగ చెవి పక్కనుంచి పోయినట్టు జుయ్యిమని కూసి చూపించాడు. ఊరి పిల్లలందరూ ఆ వానాకాలమంతా అలాగే కూశారు.

"ఆ తీగ మాదే అనుకోవే" అన్నాడు అమ్మతో. "మేవే లాగేం, మేవే బిగించేం. సాయంత్రమైతే మా పంచెలన్నీ దాని మీదే. ఏలూరు నుంచి గుడివాడ దాకా ఉంటాది దండెం!"

"ఎవరన్నా తిడతారేమోనయ్యా."

"ఎవరు తిడతారే? మేస్త్రిగారి పంచె కూడా దాని మీదే."

వాళ్ళు ఉండే పాకల పక్కన పెద్ద చెరువు ఉందనీ, అందులో చేపలు ఎగిరెగిరి పడుతున్నా వల వేసేవాడు లేడనీ చెప్పి, తిరిగి వెళ్ళేటప్పుడు తన విసురువల మూట కట్టుకుని భుజాన వేసుకున్నాడు. రేవులో దోనె ఎక్కాక వెనక్కి తిరిగి నాకేసి జుయ్యిమని కూశాడు. అదే ఆఖరు.

చలికాలం చివర ఒక సాయంత్రం అప్పారావు చిన్నాన్న ఒక్కడే వచ్చాడు. అరుగు మీద కూలబడ్డాడు. నాయనమ్మకు అర్థమైపోయింది, నోట్లో కొంగు కుక్కుకుంది. తర్వాత చిన్నాన్న నేలకేసి చూస్తూ చెప్పుకొచ్చాడు. ఆ రోజు సెలవు. అన్నదమ్ములిద్దరూ పొద్దున్నే చెరువుకు పోయారు. వల నిండా చేపలు పడ్డాయి. నాన్న ముందుగా గట్టెక్కాడు. చేపలు గుమ్మరించి, ఎన్నో నెలలుగా చేస్తున్నట్టే, పుట్టినప్పటి నుంచీ చేస్తున్నట్టే, తడివల చుట్టి పైకి విసిరాడు.

"అరవను కూడా అరవలేదు వొదినా. నేను పైకొచ్చేసరికి..."

"తీగలో కరెంటొచ్చిందని చెప్పలేదా మీకు?" అంది అమ్మ.

"రెండ్రోజుల ముందు చుట్టుపక్కల ఊళ్ళన్నీ టముకేశారు వొదినా. విన్నాం. మేవూ విన్నాం. అరవంలో ఏదో అరుస్తా పోయేడు. ఏదో తీర్థమో, పెళ్ళో అనుకున్నాం. అన్నయ్య ఆ డప్పుకి చిందేసేడు కూడాను."

"మేస్త్రి?"

"ఆ వారం ఆయన అక్కడ లేడు. మీవోళ్ళకి చెప్పుకోమని ఆయనకి ముందే చెప్పేరంట. ఎవరికీ ఏం చెప్పకుండా తన పని మీద ఏలూరొచ్చేసేడు."

ఆ రాత్రి మా ఇంట్లో పొయ్యి వెలగలేదు. ఏడుపుల సంగతి రాయను. అవి ఏ ఇంట్లోనైనా ఒకటే. నాకు రాయాలని ఉన్నది ఆ తర్వాత జరిగింది.

మేస్త్రి మాకంటే ముందే తన కథ లంకలన్నిటికీ పంపేశాడు. తాను అందరినీ కూర్చోబెట్టి విడమర్చి చెప్పాననీ, మా నాన్న మాత్రం "చేపలోడికి కరెంటేం చేస్తాదండీ" అని నవ్వాడనీ, ఆ రోజు తాగి ఉన్నాడనీ. మా నాన్న కల్లు వాసన తగిలితే పడవ అవతలి చివరకు పోయి కూర్చునేవాడు. అది ఊరందరికీ తెలుసు. అయినా వారం తిరక్కుండా రేవులో ఆడవాళ్ళు బిందెలు ముంచుకుంటూ "తాగున్నాడంటగా పాపం" అనడం మొదలుపెట్టారు. ఆ "పాపం" అన్న మాట తలుచుకుంటే ఈనాటికీ పళ్ళు కొరుకుతాను. నాతోపాటు జుయ్యిమని పరుగెత్తిన పిల్లలే "మీ నాన్న వేపుడైపోయేడంట కదే" అని నవ్వారు. నేను ఒకణ్ణి కరిచాను. వాళ్ళమ్మ వచ్చి మా అమ్మను తిట్టి పోయింది.

అమ్మ ఎవరితోనూ వాదించలేదు. ఆమెకు కావలసింది ఒకటే. నాన్న తాగుబోతై, తలపొగరుతో పోలేదనీ, ఆయనకు ఎవరూ చెప్పలేదనీ మేస్త్రి పదిమంది ఎదుట ఒప్పుకోవాలి. అంతే. ఇంకేదీ అడగలేదు.

జాతర వచ్చింది. మేస్త్రి కూడా వచ్చాడు. మద్రాసులో లైను ఇంకా పెంచుతారట, ఇంకా మనుషులు కావాలట. అమ్మవారి గుడి ముందు పందిట్లో నులకమంచం వేసి, దాని మీద దుప్పటి పరిచి, ఆయన్ని కూర్చోబెట్టారు. బూరెలు తింటున్నాడు. ఎవరింటి బూరెలో గాని, నెయ్యి ముంజేతి దాకా కారుతోంది. అమ్మ మా ఇంటి పెద్దవలను కొల్లేట్లో ముంచి, నీళ్ళు కారుతుండగా రెండు చేతులా మోసుకొచ్చి మంచం ముందు నిలబడింది. నేను ఆ వల కొస పట్టుకుని వెనక నడిచాను. నా పరికిణీ అంతా తడిసిపోయింది.

"మేస్త్రిగారండీ, నాకేం వద్దండి. దీని మీద చెయ్యేసి, మా ఆయనకి చెప్పేనని ఒక్క మాటనండి చాలు."

డప్పులు ఆగిపోయాయి. మేస్త్రి నోట్లో బూరె అటూ ఇటూ తిప్పుకుని మింగాడు. "అదేంటి తల్లీ, నేనేమన్నా వలవోణ్ణా? మీ ఆచారాలు నాకెందుకు? పోయినోడు ఎలాగూ పోయేడు. పిల్లదాన్ని చూసుకో." జేబులో చెయ్యి పెట్టి ఏదో తీసి ఇవ్వబోయాడు.

"చెయ్యి అటు కాదండీ. ఇటు" అంది అమ్మ, వల ముందుకు చాపి.

అప్పుడు మా కులపెద్ద లేచాడు. నాన్నకు పేరు పెట్టిన మనిషి, నాన్న శవాన్ని అయినా చూడలేకపోయామని మా అరుగు మీద గుండెలు బాదుకున్న మనిషి. "ఊరుకో అమ్మా. ఆయనకి కోపం వస్తే మన కుర్రోళ్ళకి పనెవరిస్తారు? కొల్లేట్లో ఏవుంది ఇప్పుడు? వల తీసుకుని ఇంటికెళ్ళు" అన్నాడు. పందిట్లో ఉన్నవాళ్ళందరికీ నిజం తెలుసు. మేస్త్రి చెయ్యి మంచం పట్టె మీదనే ఉండిపోవడం అందరూ చూశారు. చూసి, బూరెలు తిన్నారు.

మర్నాడు మనుషులు బయలుదేరే వేళకు అమ్మ రేవులో ఉంది. దిగే దారికి రెండు పక్కలా ఉన్న గడలకు ఆ తడివలనే అడ్డంగా, నేలకు ఆనేలా కట్టి, పక్కన నిలబడింది. మూటలు నెత్తిన పెట్టుకుని వచ్చినవాళ్ళు వచ్చినట్టే ఆగిపోయారు. ముట్టుకోలేరు, దాటలేరు. మేస్త్రి వెనక నుంచి "తీసెయ్యండయ్యా, ఆడదాని పిచ్చికి బండి పోతాది" అని గొడుగు ఊపాడు. ఎవరూ కదల్లేదు. తానే వచ్చి తీయవచ్చు కదా, వలవాడు కాదు కదా. తీయలేదు. దాని మీద చెయ్యి పడితే చెప్పాలి మరి. ఎండెక్కేదాకా అలా నిలబడి, నిలబడి, ఒక్కొక్కరే వెనక్కి తిరిగారు. గెలిచామనుకున్నాను.

వాళ్ళు ఇళ్ళకు పోలేదు. మెరక వెనక కిక్కిస పొదల్లో పశువులు దిగే తోవ ఉంది. దోనెలన్నీ అటు తిప్పుకుని, మేస్త్రి చెప్పులు తడవకుండా ఇద్దరు భుజాన ఎత్తుకుని, అటునుంచి వెళ్ళిపోయారు. ఆఖర్న అప్పారావు చిన్నాన్న వచ్చాడు. ఆయన నెత్తిన కూడా మూట ఉంది.

"వల దాటలేదు వొదినా. చుట్టూ తిరిగెళ్తన్నాం" అన్నాడు.

అమ్మ ఆయన మొహం చూడలేదు. వల ఆరిపోయేదాకా అక్కడే నిలబడి, ఆరాక మడత పెట్టుకుని ఇంటికి వచ్చింది. ఆ తర్వాత చాలా ఏళ్ళు ముదినేపల్లి వైపు ఊడ్పులకు పోయి నన్ను సాకింది. మేస్త్రి ఏలూరులో డాబా కట్టుకుని, మంచం మీద, మనవల మధ్య పోయాడని విన్నాం. ఆ కబురు తెచ్చిన మనిషిని అమ్మ ఒకటే అడిగింది: "పోయేముందు ఏవన్నా అన్నాడా?" ఏమీ అనలేదట.

మా అబ్బాయికి ఉద్యోగం వచ్చిన కొత్తలో నన్ను మద్రాసు తీసుకెళ్ళి ఆ కరెంటు రైలు ఎక్కించాడు. నాన్న చెప్పినట్టే ఒకటి పోతే వెనకే ఇంకొకటి. మల్లెపూల బుట్టలు, క్యారియర్లు, తలుపు దగ్గర వేలాడే కాలేజీ పిల్లలు, నిలబడే నిద్రపోతున్న గుమాస్తాలు. కొయ్యలు దిగ్గొట్టిన చవిటి నేలల్లో మేడలు. అంతమందిలో ఒక్కరూ తల పైకెత్తి తీగకేసి చూడలేదు. ఎందుకు చూస్తారు? వాళ్ళను తప్పుపట్టను. కాని దిగేటప్పుడు మా అబ్బాయి "బాగుందా అమ్మా?" అని అడిగితే, బాగుందని అనలేకపోయాను. నాన్న పోయింది ఏ స్తంభం దగ్గరో కూడా నాకు తెలియదు. అడగడానికి ఎవరూ మిగల్లేదు.

కిందటేడు మా మెరకకు వెళ్ళాను. కొల్లేరు కనపడలేదు. ఎటు చూసినా గట్లు కట్టిన చేపల చెరువులు, మేత బస్తాలు, మోటార్ల చప్పుడు. అమ్మ నిలబడిన రేవు పూడ్చి లారీల బాట వేశారు. ఆ బాట మీద నీలం నైలాను వలలు కుప్పలుగా పడి ఉన్నాయి, టైర్లు వాటి మీదుగా పోతున్నాయి. కాగుల్లో తుమ్మపట్ట మరిగించేవాళ్ళు లేరు, ఆ వాసన లేదు. చుట్టూ తిరిగి వెళ్ళిన మగవాళ్ళూ లేరు, వాళ్ళను పంపిన పెద్దలూ లేరు, నవ్విన పిల్లల్లో నాకు తెలిసి ఎవరూ లేరు. వాళ్ళ మనవలు నన్ను కుర్చీ వేసి కూర్చోబెట్టి టీ ఇచ్చారు. "మీ నాన్నగారు మద్రాసులో పోయారంట కదండీ, తాగుడు వల్ల" అన్నాడు ఒకడు, ఎంతో మర్యాదగా.

టీ గ్లాసు కింద పెట్టేసి వచ్చాను. అమ్మ పోయేదాకా ఆ ఒక్క మాట కోసం చూసింది. అనవలసినవాళ్ళు అనకుండానే పోయారు. ఇంక అనడానికి నేనే ఉన్నాను కనుక అంటున్నాను. మా నాన్న తాగలేదు. ఆయనకు ఎవరూ చెప్పలేదు.